పాలకుల పాఠశాల: హెయిలీబరీ నుంచి ముస్సోరీ వరకు

దేశాన్ని పాలించేవారు ఎవరన్నది ఎంత ముఖ్యమైన ప్రశ్నో, వారు ఎక్కడ, ఏ భాషలో, ఏమి చదువుకున్నారన్నదీ అంత ముఖ్యమైనదే. అధికారం చేతులు మారిన తేదీలను చరిత్ర గ్రంథాలు జాగ్రత్తగా నమోదు చేస్తాయి. పాఠ్యక్రమాలు, ప్రవేశ పరీక్షలు మారిన తేదీలకు అంతటి ప్రాధాన్యం దక్కదు. భారత సివిల్ సర్వీసు పరిణామాన్ని ఈ రెండో వైపు నుంచి పరిశీలిస్తే, పాలకవర్గం రూపొందే తీరు మరింత స్పష్టమవుతుంది.

1800లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాలను స్థాపించాడు. కౌమారం దాటకముందే ఈ దేశానికి వచ్చి, కొద్ది కాలానికే న్యాయాధికారులుగా, కలెక్టర్లుగా బాధ్యతలు స్వీకరించే కంపెనీ యువకులకు దేశభాషలూ, ఇక్కడి చట్టాలూ నేర్పాలన్నది ఆయన సంకల్పం. తమ ముందస్తు అనుమతి లేకుండా ఇంతటి సంస్థను నెలకొల్పడం కంపెనీ డైరెక్టర్లకు రుచించలేదు. వారు 1806లో ఇంగ్లండులోనే ఒక కళాశాల తెరిచారు. 1809లో అది హెయిలీబరీకి తరలింది. జనాభా సిద్ధాంతంతో ప్రసిద్ధుడైన మాల్థస్ అక్కడ చరిత్ర, అర్థశాస్త్రం బోధించాడు. బోధన ఉన్నతమైనదే గాని, ప్రవేశం మాత్రం డైరెక్టర్ల సిఫారసు మీదనే లభించేది.

1812లో మద్రాసులో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలతో తెలుగువారికి ప్రత్యక్ష అనుబంధం ఉంది. దాని రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించినవాడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. అక్కడ తెలుగు, తమిళ పండితులు కంపెనీ యువోద్యోగులకు గురువులు. 1816లో వెలువడిన ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో, దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, అవి వేరొక కుటుంబానికి చెందినవనీ ఎల్లిస్ ప్రతిపాదించాడు. 1817లో మద్రాసు చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు నేర్చుకున్నది ఈ కళాశాలలోనే. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో ప్రచురితమయింది. భూమి శిస్తు వసూలు చేయాలన్నా, తగవు తీర్చాలన్నా ప్రజల భాష తెలియక తప్పదన్న పాలనావసరమే ఈ విద్యకు మూలం. ఆ అవసరం మన పండితుణ్ణి గురుస్థానంలో కూర్చోబెట్టింది. శిష్యుడు కలెక్టరు కాగలడు గాని, గురువుకు ఆ అర్హత లేదు.

మతం, జన్మస్థలం, వర్ణం కారణంగా ఏ భారతీయుణ్ణీ ఉద్యోగానికి అనర్హుణ్ణి చేయరాదని 1833 చార్టర్ చట్టం ప్రకటించింది. అయినా సిఫారసు పద్ధతి కొనసాగినంత కాలం ఆ ప్రకటన కాగితానికే పరిమితమయింది. 1853 చట్టం బహిరంగ పోటీ పరీక్షను ప్రవేశపెట్టింది. మెకాలే అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1854లో పరీక్ష స్వరూపాన్ని నిర్ణయించింది. గ్రీకు, లాటిన్ ఒక్కొక్కదానికి 750 మార్కులు, సంస్కృతం, అరబీలకు 375 చొప్పున కేటాయించింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యావంతులను ఆకర్షించడమే సంఘం ఉద్దేశం. భారతదేశపు వ్యవహార భాషలు ఎంపిక తరువాత నేర్చుకోవలసిన విషయాలయ్యాయి. తొలి పరీక్ష 1855లో లండనులో జరిగింది. హెయిలీబరీ కళాశాల 1858లో మూతపడింది.

సిఫారసు పోయి ప్రతిభ వచ్చిందన్నది నిజమే. కాని ఆ ప్రతిభకు కొలమానం ఇంగ్లండు విద్యాలయాల పాఠ్యక్రమం. 1863లో సత్యేంద్రనాథ్ టాగూరు ఈ పరీక్షలో నెగ్గిన తొలి భారతీయుడయ్యాడు. 1869లో సురేంద్రనాథ్ బెనర్జీ, రమేశ్ చంద్ర దత్తు సహా నలుగురు భారతీయులు ఉత్తీర్ణులయ్యారు. గరిష్ఠ వయోపరిమితి మాత్రం 23 నుంచి క్రమంగా తగ్గుతూ 1878 నాటికి 19కి దిగింది. పరభాషలో చదువు ముగించి, సముద్రం దాటి, లండనులో పరీక్ష రాయవలసిన యువకునికి ఆ నాలుగేళ్ల తేడా తలుపు మూసినంత పని చేసింది. చట్టంలో ఒక్క అక్షరం మారకుండానే సమానావకాశం హరించుకుపోయింది.

అందుకే పరీక్షా విధానం జాతీయోద్యమానికి తొలి సమస్యల్లో ఒకటయింది. ఇంగ్లండుతోపాటు భారతదేశంలోనూ ఏకకాలంలో పరీక్ష నిర్వహించాలని 1885లో జరిగిన కాంగ్రెసు ప్రథమ మహాసభ కోరింది. 1892లో వయోపరిమితి మళ్లీ 23కు పెరిగింది. పరీక్షా కేంద్రం భారతదేశానికి రావడానికి మాత్రం 1922 వరకు, అలహాబాదులో పరీక్ష జరిగే వరకు నిరీక్షించవలసి వచ్చింది.

స్వాతంత్ర్యానంతరం ఐ.ఎ.ఎస్. శిక్షణ ఢిల్లీలోని మెట్కాఫ్ హౌస్‌లో మొదలై, 1959లో ముస్సోరీ అకాడమీకి మారింది. కొత్త అధికారులకు తమకు కేటాయించిన రాష్ట్ర భాషను అక్కడ నేర్పుతారు. ఫోర్ట్ సెయింట్ జార్జి సంప్రదాయానికి ఇది ప్రజాస్వామిక రూపం. కొఠారీ సంఘం సిఫారసుల మేరకు సంస్కరించిన సివిల్ సర్వీసు పరీక్ష 1979లో అమలులోకి వచ్చింది. తెలుగు సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలలో ప్రధాన పరీక్ష సమాధానాలు రాసే అవకాశం దానితో కలిగింది. ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రం మాత్రం హిందీ, ఇంగ్లీషులకే పరిమితమయింది. 2011లో ప్రవేశపెట్టిన అభిరుచి పరీక్ష గ్రామీణ, భారతీయ భాషా మాధ్యమ విద్యార్థులకు ప్రతికూలమన్న ఆందోళన 2014లో ఉధృతమయింది. మరుసటి సంవత్సరం ఆ పత్రాన్ని అర్హతకు మాత్రమే పరిమితం చేశారు.

రెండు శతాబ్దాల ఈ చరిత్ర ఒక విషయాన్ని బోధిస్తుంది. ప్రజల భాష తెలిసిన అధికారిని తయారుచేయడం ఒక పని. ఆ భాషలో చదువుకున్నవారికి అధికారపీఠాన్ని అందుబాటులోకి తేవడం వేరొక పని. మద్రాసు కళాశాల మొదటిది చేసి రెండోదాన్ని తలపెట్టలేదు. లండను పరీక్ష రెండోదానికి చట్టరీత్యా దారి తెరిచి, మొదటిదాన్ని వెనుకకు నెట్టింది. రెండింటినీ ఒక్కచోట సాధించవలసిన బాధ్యత ప్రజాస్వామ్యానిది. అర్జీ చేతపట్టుకుని కలెక్టరు కార్యాలయానికి వచ్చిన రైతు మాట అధికారికి నేరుగా అర్థం కావాలి. ఆ రైతు బిడ్డ చదివిన చదువు అదే కుర్చీ వరకు చేరగలగాలి. మన పాఠశాలలనూ, పరీక్షలనూ ఈ రెండు ప్రమాణాలతో కలిపి కొలిచినప్పుడే వాటి విలువ తేలుతుంది.