ఆస్పత్రి ఎక్కడ కట్టాలి?

ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే చేతిలో దీపంతో రోగుల మంచాల మధ్య తిరిగే సన్నటి మనిషి గుర్తొస్తుంది. మన చిన్నప్పటి పాఠం అక్కడితో అయిపోయింది. క్రిమియా నుంచి తిరిగొచ్చి, తనే మంచంపట్టి, ఆ మంచంమీంచే ఉత్తరాలు రాసి పెద్ద పెద్ద అధికారుల్ని హడలెత్తించిన ఆవిడ సంగతి అందులో లేదు.

1859లో ఒక రైలు కంపెనీ లండన్ బ్రిడ్జి నుంచి చేరింగ్ క్రాస్‌కి లైను వెయ్యబోయింది. దారిలో సెయింట్ థామస్ ఆస్పత్రి అడ్డొచ్చింది. వందల ఏళ్లుగా సదర్క్ పేటలో బీదాబిక్కీకి దిక్కయిన ఆస్పత్రి అది. 1860లో ఆవిడ నర్సుల బడి పెట్టిందీ అక్కడే. కంపెనీ కొంత జాగా ఇస్తే చాలంది. కొంటే మొత్తం కొనండన్నారు ఆస్పత్రివాళ్లు. చివరికి 2,96,000 పౌన్లకి బేరం తెగింది. మరి కొత్త ఆస్పత్రి ఎక్కడ కట్టాలి?

ఊరిబయట కట్టమంది నైటింగేల్. గాలీ వెలుతురూ లేని చోట ఎన్ని మందులు పోసినా దండగేనని ఆవిడ నమ్మకం. (చెడుగాలి వల్లే జబ్బులొస్తాయని అనుకునే రోజులు. కారణం తప్పయితే కావచ్చు గానీ, కిటికీలు తెరవమనడం తప్పు కాదు కదా!) పేదవాళ్లు అంత దూరం ఎలా వస్తారని అవతలివాళ్లు అడిగారు. ఆవిడ లెక్కలు తీయించింది. ఏ రోగి ఎంత దూరం నుంచి వస్తున్నాడో చూపించి, చాలామంది ఇప్పటికే దూరం నుంచి వస్తున్నారు కదా అని వాదించింది. ఆ తెలివికి ముచ్చటేస్తుంది.

కానీ చెప్పొద్దూ, నాకో సందేహం. ఆ లెక్కలో ఉన్నవాళ్లంతా ఎలాగో ఆస్పత్రి గుమ్మందాకా రాగలిగినవాళ్లు. చంకలో జ్వరం బిడ్డ, ఇంట్లో ఇంకో ఇద్దరు, బండికి డబ్బుల్లేని తల్లి ఏ రిజిస్టరుకెక్కుతుంది? మన దగ్గర మాత్రం? ఆస్పత్రి బస్సు దిగి రెండు కిలోమీటర్లుంటే, పిల్లాడికోసమైతే పరిగెత్తుతాం. మన నడుంనొప్పిని మాత్రం వచ్చేవారం చూద్దాంలే అంటాం.

ఈ తగువు తేలేలోగా, 1862లో, రోగుల్ని సర్రే గార్డెన్స్‌కి తరలించారు. ఒకప్పుడది జంతువుల పార్కు. జిరాఫీల ఇల్లు కలరా వార్డయిందట! అక్కడే తొమ్మిదేళ్లు గడిచిపోయాయి.

స్థలం విషయంలో ఆవిడ మాట నెగ్గలేదు. థేమ్స్ నది ఒడ్డున, పార్లమెంటుకి ఎదురుగా లాంబెత్‌లో కట్టారు. 1868లో విక్టోరియా రాణి శంకుస్థాపన చేసి, 1871లో తనే తెరిచింది. కట్టడం మాత్రం నైటింగేల్ చెప్పినట్టే. విడివిడి భవనాలు, వార్డుకి రెండువైపులా కిటికీలు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడి కొంత కూలినా, ఆస్పత్రి ఇవాళ్టికీ అక్కడే ఉంది.

పాతచోట చర్చి ఒకటి మిగిలింది. దాని అటకమీద 1822లో ఆడవాళ్లకోసం కట్టిన ఆపరేషన్ గది ఉండేది. మొదట్లో మత్తుమందు లేకుండానే అక్కడ కోతలు కోసేవారు పాపం. ఆస్పత్రి వెళ్లిపోయాక ఆ గదిని అందరూ మర్చిపోయారు. ఇంచుమించు వందేళ్లకి, 1950ల్లో, మళ్లీ బయటపడింది. ఇప్పుడది మ్యూజియం. చూడాలంటే మెలికలు తిరిగే ఇరుకుమెట్లు యాభై రెండు ఎక్కాలి.