పాలాయి బ్యాంకు దివాలా: డిపాజిట్ అమానతా, అప్పా?

మన దేశపు బ్యాంకుల చరిత్రలో 1960 ఆగస్టు 8వ తేదీకి ప్రత్యేక స్థానముంది. ఆ రోజున రిజర్వు బ్యాంకు కేరళ హైకోర్టును ఆశ్రయించి, పాలాయి సెంట్రల్ బ్యాంకును మూసివేయించవలసిందిగా కోరింది. కోర్టు తాత్కాలిక లిక్విడేటరును నియమించింది. బ్యాంకు తలుపులు మూతపడ్డాయి. నిన్నటి దాకా పాసుపుస్తకం చూపి తన డబ్బు తాను తెచ్చుకున్న మనిషి, ఈ రోజు అదే పుస్తకం పట్టుకొని అప్పులవాళ్ళ వరుసలో నిలబడవలసివచ్చింది. నిజానికి మొదటి నుండీ అతని స్థానం ఆ వరుసలోనే ఉంది. కాని ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు, అతడూ అడగలేదు.

బ్యాంకు వ్యవహారమనగానే మనకు మొదట స్ఫురించేది వడ్డీ సమస్య. అది స్ఫురించడం న్యాయమే. అయితే ఆ చర్చ వెనుక మరుగున పడిపోయిన ప్రశ్న మరొకటి ఉంది. మనం ఇతరుల చేతికి ఇచ్చిన ధనం అమానతా, లేక అప్పా? పాలాయి చరిత్రను ఈ ప్రశ్న దృష్ట్యా చదివితే మనకు పనికివచ్చే పాఠం దొరుకుతుంది.

చిన్న పట్టణం, పెద్ద బ్యాంకు

కొట్టాయం జిల్లాలో మీనచిల్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం పాలా. ఇంగ్లీషు కాలపు కాగితాలలో దీనిని పాలాయి అని వ్రాసేవారు. చుట్టూ రబ్బరు తోటలు, మిరియాల తోటలు, కొబ్బరి తోటలు. తోటల యజమానులలోను, వర్తకులలోను సిరియన్ క్రైస్తవులు ఎక్కువ. 1927లో ఇక్కడ ఈ బ్యాంకు వెలిసింది. అప్పటికి రిజర్వు బ్యాంకు పుట్టనే లేదు. అది 1935లో ఏర్పడింది. తిరువాన్కూరు సంస్థానంలో ఆ రోజుల్లో కొద్దిపాటి మూలధనంతో బ్యాంకు తెరవడం కష్టమైన పని కాదు. చిట్టీలు నడిపినవారు, తోటలవారు, వ్యాపారులు ఊరూరా బ్యాంకులు పెట్టారు. జనం వాటిని కాగితాల మీది లెక్కలు చూసి నమ్మలేదు. నడిపే పెద్దమనుషులు తెలిసినవారు గనుక నమ్మారు.

ఆ నమ్మకానికి మొదటి గట్టి దెబ్బ 1938లో తగిలింది. అంతకు ముందు సంవత్సరమే రెండు బ్యాంకుల విలీనంతో ఏర్పడిన ట్రావెన్కూర్ నేషనల్ అండ్ క్విలన్ బ్యాంకు ఆ జూన్‌లో చెల్లింపులు ఆపివేసి కూలిపోయింది. దాని అధిపతులు చెరసాలకు వెళ్ళారు. దివాన్ సి.పి.రామస్వామి అయ్యరు పాలనకూ, ఆ బ్యాంకు యాజమాన్యానికీ మధ్య సాగిన రాజకీయ వైరం ఈ పతనంలో ఎంత పాత్ర వహించిందన్నది నేటికీ వివాదాస్పదమే. ఆ తుఫానులో పాలాయి బ్యాంకు నిలబడింది. నిలబడినందువల్లనే దాని పేరు పెరిగింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత అది కేరళలోని పెద్ద బ్యాంకులలో ఒకటై, రాష్ట్రపు ఎల్లలు దాటి శాఖలు తెరిచింది.

పైకి పచ్చగా, లోపల పుచ్చు

1949 నాటి బ్యాంకింగ్ కంపెనీల చట్టం రిజర్వు బ్యాంకుకు తనిఖీ అధికారాలు ఇచ్చింది. 1950 దశకంలో జరిగిన తనిఖీలలో పాలాయి బ్యాంకు అసలు పరిస్థితి బయటపడుతూ వచ్చింది. ఇచ్చిన అప్పులలో వసూలు కానివి పెరిగిపోయాయి. డిపాజిట్‌దారుడు అడిగిన నాడు బ్యాంకు సొమ్ము ఇవ్వాలి. కాని ఆ సొమ్ము ఏళ్ళతరబడి తిరిగి రాని అప్పులలో చిక్కుకొని ఉంది. ఎప్పుడో అడుగుతారులే అనుకున్నది ఒకేసారి అందరూ అడిగితే, ఆ బ్యాంకుకు దిక్కు లేదు.

రిజర్వు బ్యాంకు వెంటనే మూయించలేదు. సరిదిద్దుకొమ్మని గడువులు ఇచ్చింది. దీనిలో ధర్మసంకటం ఉంది. నిజం బయటపెడితే జనం ఒక్కసారిగా బ్యాంకు మీద పడతారు. బతకగల బ్యాంకు కూడా చస్తుంది. దాచిపెడితే, సంగతి తెలియని కొత్తవాడు రేపు వచ్చి తన కష్టార్జితాన్ని అందులోనే వేస్తాడు. మూసిన తరువాత రిజర్వు బ్యాంకు మీద నిందలు రెండు వైపుల నుండీ వచ్చాయి. బాగున్న బ్యాంకును తొందరపడి చంపారని కొందరు అన్నారు. ఇంత తెలిసి ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారని మరికొందరు అడిగారు.

మదీనా బజారులో దైవప్రవక్త (సఅసం) ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసి, లోపలి తడిని పట్టుకున్న సంఘటన మనందరికీ తెలుసు. తడిసిన గింజలు అందరికీ కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ఆ వర్తకుణ్ణి నిలదీశారు. సరుకులోని లోపం కొనేవాడికి తెలియాలి అన్న సూత్రం ధాన్యానికే పరిమితం కాదు. బ్యాంకు లెక్కల పుస్తకానికి కూడా అది వర్తిస్తుంది.

లిక్విడేషన్ అనగా ఏమిటి?

1960 డిసెంబరులో హైకోర్టు బ్యాంకును పూర్తిగా మూసివేయాలని ఉత్తర్వు చేసింది. రిజర్వు బ్యాంకు అభిప్రాయం ఆధారంగా కోర్టు మూసివేతకు ఉత్తర్వు ఇవ్వవలసిందేనన్న నిబంధన చెల్లదంటూ వాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1962లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది.

లిక్విడేటరు పని చెప్పడానికి సులువే. బ్యాంకుకు రావలసినవి వసూలు చేయాలి, ఆస్తులు అమ్మాలి, వచ్చినదానిని చట్టం చెప్పిన వరుసలో పంచాలి. నాటి చట్టం ప్రకారం సేవింగ్సు ఖాతా ఉన్న ప్రతివానికీ 250 రూపాయలు గాని, ఖాతాలోని నిలువ గాని, ఏది తక్కువైతే అది ముందుగా దక్కేది. ఆ పైన మిగిలిన బాకీకి అందరూ దామాషా ప్రకారం వేచి ఉండవలసిందే. బాకీదారులు కోర్టులకెక్కుతారు, తాకట్టు భూముల మీద తగాదాలు లేస్తాయి, ఏళ్ళు గడుస్తాయి. పాలాయి లిక్విడేషన్ కూడా ఇలాగే దీర్ఘకాలం సాగింది. కూతురి పెళ్ళికని దాచుకున్నవానికి ఆ పెళ్ళి అయిపోయిన తరువాత ఎన్నో ఏళ్ళకు అందే సొమ్ము ఏమి సొమ్ము?

హజ్రత్ జుబైర్ (రజి) ఆస్తి పరిష్కారం

ఇప్పుడు హిజ్రీ 36వ సంవత్సరానికి వెళ్దాము. హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) ఆ ఏడు జమల్ యుద్ధకాలంలో అమరులైనారు. సహీహ్ బుఖారీలో వారి ఆస్తి, అప్పుల వివరాలు విపులంగా ఉన్నాయి. ప్రజలు తమ ధనాన్ని అమానతుగా ఉంచుకొమ్మని వారి వద్దకు తెచ్చేవారు. ఆయన దానిని అమానతుగా తీసుకోవడానికి ఒప్పుకొనేవారు కారు. అది పోతుందేమోనని భయపడి, అప్పుగానే తీసుకొనేవారు.

దీని భావం గ్రహించాలి. ఫిఖ్హ్ ప్రకారం అమానతు, దాచిన వ్యక్తి అశ్రద్ధ ఏమీ లేకుండా పోతే, అతడు దానిని పూడ్చనవసరం లేదు. అప్పు అలా కాదు. ఏమి జరిగినా తిరిగి ఇచ్చి తీరవలసిందే. అంటే హజ్రత్ జుబైర్ (రజి) నష్టభయాన్ని డబ్బు ఇచ్చినవాని నెత్తి నుండి తీసి తన నెత్తిన పెట్టుకున్నారు. ఆ మాట ముందుగానే చెప్పారు కూడా.

మరణానంతరం లెక్క చూస్తే అప్పులు 22 లక్షలు తేలాయి. నగదు లేదు. మదీనా సమీపంలోని గాబా భూమి, మదీనాలో పదకొండు ఇళ్ళు, బస్రాలో రెండు, కూఫాలో ఒకటి, మిస్ర్‌లో ఒకటి మాత్రం ఉన్నాయి. కుమారుడు హజ్రత్ అబ్దుల్లాహ్ (రజి) లిక్విడేటరు పని చేశారు. లక్షా డెబ్భై వేలకు కొన్న గాబా భూమి పదహారు లక్షలకు అమ్ముడుపోయింది. నాలుగు లక్షలు రావలసి ఉన్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) మాఫీ చేస్తానన్నా ఆయన ఒప్పుకోలేదు. అప్పులన్నీ తీరిన పిమ్మట వారసులు పంపకం కోరారు. బాకీ ఉన్నవారెవరైనా ఉంటే రమ్మని నాలుగేళ్ళు హజ్ సమయంలో చాటింపు వేయించి, ఆ తరువాతనే వాటాలు పంచి ఇచ్చారు.

పాలాయితో పోల్చి చూడండి. రెండు చోట్లా ధనం అప్పే. రెండు చోట్లా నగదు లేదు, ఆస్తులే ఉన్నాయి. కాని ఒక చోట తీసుకున్నవాడు అది అప్పని నోరు తెరిచి చెప్పాడు. మరొక చోట ఇచ్చినవాడు అది తన పెట్టెలోని సొమ్మేనని భ్రమపడ్డాడు. ఒక చోట వారసులు నాలుగేళ్ళు ఆగారు. మరొక చోట ఆగవలసివచ్చింది డిపాజిట్‌దారులే.

ఆస్తి చాలనప్పుడు

ఆస్తి అప్పులకు సరిపోని సందర్భాన్ని కూడా షరీఅత్ విడిచిపెట్టలేదు. పండ్ల తోట కొని నష్టపోయిన వ్యక్తికి దైవప్రవక్త (సఅసం) ముందు ప్రజలచేత దానం ఇప్పించారు. అదీ చాలకపోతే, ఉన్నంత తీసుకొమ్మనీ, అంతకు మించి మీకు లేదనీ అప్పులవారితో చెప్పారు. దీనిని సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించారు. తాను ఇచ్చిన వస్తువు దివాలా తీసినవాని వద్ద యథాతథంగా దొరికితే అది మొదటి యజమానికే చెందుతుందన్న హదీసు కూడా ఉంది. అమ్మిన సరుకు విషయంలో అమ్మినవాడు తక్కిన అప్పులవారితో సమానుడేనని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయపడగా, ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫియీ, ఇమామ్ అహ్మద్ (రహ్మ) హదీసును ఆ సరుకుకు కూడా వర్తింపజేశారు. విడిగా, చెక్కుచెదరక ఉన్న అమానతు మాత్రం పంపకంలోకి రాదు, అది యజమానిదే.

దేశం నేర్చుకున్న పాఠం

డిపాజిట్లకు బీమా ఉండాలన్న ఆలోచన 1948లో బెంగాల్ బ్యాంకుల సంక్షోభం తరువాతనే వచ్చింది. 1950లో గ్రామీణ బ్యాంకింగ్ విచారణ సంఘం దానిని సమర్థించింది. అయినా పదేళ్ళు కాగితం మీదనే ఉంది. 1960లో లక్ష్మీ బ్యాంకు, పాలాయి బ్యాంకు వెంటవెంటనే పడిపోవడంతో కదలిక వచ్చింది. బలహీనమైన బ్యాంకుకు మారటోరియం విధించి, మరొక బ్యాంకులో కలిపివేయడానికి ఆ సంవత్సరమే చట్టాన్ని సవరించారు. 1962 జనవరి 1 నుండి డిపాజిట్ బీమా సంస్థ పని ప్రారంభించింది. మొదట ఒక్కొక్కరికి 1,500 రూపాయల వరకే బీమా. 1993లో అది లక్ష రూపాయలకు, 2020 ఫిబ్రవరి 4 నుండి ఐదు లక్షలకు పెరిగింది. 2001లో హైదరాబాదులో కృషి సహకార బ్యాంకు కూలినప్పుడు చిన్న డిపాజిట్‌దారులకు ఆసరా అయినది ఈ బీమాయే. పాలాయివారి కన్నీటి నుండి పుట్టిన రక్షణ అది అనడం అతిశయోక్తి కాదు.

మన సంస్థల మాట

ఇక మన ఇంటి సంగతి. వడ్డీకి దూరంగా ఉండాలన్న సదుద్దేశంతో మన పట్టణాలలో వడ్డీలేని సొసైటీలు, బైతుల్‌మాల్‌లు నడుస్తున్నాయి. రిక్షా తొక్కేవాడు, పూలు అమ్మే ఆడమనిషి రోజూ పదీ ఇరవై దాచుకుంటారు. ఈ సేవ గొప్పది. కాని పరపతి సహకార సంఘాలకు డిపాజిట్ బీమా వర్తించదు, అది బ్యాంకులకే. అక్కడ పేదవానికి ఉన్న రక్షణ నడిపేవారి దైవభీతి, లెక్కల శుభ్రత మాత్రమే.

కనుక ప్రతి సంస్థా డబ్బు తీసుకునేటప్పుడు ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. ఇది అమానతా? అయితే దానిని తాకరాదు. అప్పా? అయితే అడిగిననాడు ఇచ్చే ఏర్పాటు చూపాలి. ముజారబతా? అయితే నష్టం వస్తే డబ్బు పెట్టినవాడే భరించవలసి ఉంటుందని ముందే తెలపాలి. ఒకే సొమ్మును తీసుకునేటప్పుడు అమానతు అనీ, వాడుకునేటప్పుడు పెట్టుబడి అనీ, పోయినప్పుడు అల్లాహ్ నిర్ణయమనీ అనడం ధర్మం కాదు. అప్పు వ్యవహారాన్ని వ్రాసుకొమ్మని దివ్యఖుర్ఆన్ సూరా బఖరాలో అన్నిటికంటె పొడవైన ఆయత్‌లో ఆదేశించింది. ఆ వ్రాత అప్పు తీసుకునే పేదవానికే కాదు, అతని సొమ్ము తీసుకునే సంస్థకూ విధియే.

పాలాయిలో ముందు పోయింది ధనం కాదు, స్పష్టత. ధనం ఆ తరువాత పోయింది.