ఇల్లు, అంగడి, ఒకే చిట్టా: ఒంగోలు ప్రాంత వర్తక లెక్కలను చదవడం

తెలుగు వర్తకుల లెక్కల్లో చిట్టా, ఆవర్జా అని రెండు అంచెలున్నాయి. ఆనాటి జమాఖర్చులన్నీ జరిగిన వరుసలోనే చిట్టాకు ఎక్కుతాయి. అవే ఆ తరువాత పద్దుల వారీగా ఆవర్జాకు చేరుతాయి. మిరప బస్తాల కొనుగోలు పక్కనే ఇంటి బియ్యం, కూతురి సారె కనబడితే దానిని గుమస్తా అజాగ్రత్తగా లెక్కించడం పొరపాటు. రొక్కం పెట్టె ఒక్కటే. సాయంకాలం నిల్వ సరిపోవాలంటే ఇంటికి వెళ్ళిన అణా కూడా రాయవలసిందే.

ఈ కలయికకు న్యాయపరమైన ఆధారం కూడా ఉంది. ఉమ్మడి కుటుంబ వ్యాపారం కోసం కర్త చేసిన అప్పుకు కుటుంబపు ఉమ్మడి ఆస్తి బాధ్యత వహిస్తుందని హిందూ న్యాయం చెబుతుంది. అప్పిచ్చినవాడి దృష్టిలో ఇల్లూ అంగడీ వేరు కావు.

వేరుచేయమన్నది ఆదాయపు పన్ను. 1922 చట్టం వ్యవసాయ ఆదాయాన్ని పన్ను నుంచి మినహాయించింది. వ్యాపార లాభంపై మాత్రం పన్ను వేసింది. 1961 చట్టంలోని 37(1) సెక్షను సొంత ఖర్చులను వ్యాపార వ్యయంగా అంగీకరించలేదు. పొగాకు, మిరప, పత్తి పండే ఒంగోలు మైదానంలో ఒకే కుటుంబానికి పొలమూ అంగడీ ఉన్నప్పుడు ఇది చిన్న చిక్కు కాదు: సొంత చేను మిరప ఏది, కొన్న మిరప ఏది? పుస్తకాన్ని రెండుగా చీల్చినంత మాత్రాన దీనికి జవాబు దొరకదు. పద్దు సరిగా కట్టితేనే దొరుకుతుంది. ఇంటి ఖర్చు, పొలం, వ్యాపారం అన్న శీర్షికలు ఆవర్జాలో చేసే పని అదే. నేడు కంప్యూటరులో ఒకే పాఠ్య దస్త్రంలో తేదీల వరుసన లెక్క రాసి ఖాతాల పేర్లతో విడదీసే పద్ధతి కూడా దీనికి దగ్గరిదే.

వ్యాపార క్రమంలో ఎప్పటికప్పుడు రాసిన లెక్కలను 1872 సాక్ష్య చట్టం 34వ సెక్షను సాక్ష్యంగా స్వీకరించింది, అయితే అవి మాత్రమే ఒకరిపై బాధ్యత మోపడానికి చాలవంది. ఇంటి పద్దులు తొలగించి తిరగరాసిన ప్రతికంటే మూల చిట్టాయే పరిశోధకునికి విలువైనది. సారెలు, పురుళ్ళు, మందులు, అంటే స్త్రీల జీవితం లెక్కలకెక్కిన చోటు అదే. ఆర్థిక చరిత్రకారులు ‘వ్యక్తిగతం’ అని ముందుగా కొట్టివేసేదీ దానినే.

వీటిని సర్కారు రికార్డులతో సరిచూడడానికి ఒక్క జిల్లా చాలదు. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో, ఆపైన గుంటూరు జిల్లాలో ఉండి, 1970లో కొత్త జిల్లాకు కేంద్రమైంది.