గండగై: ఒక ఏటి ఒడ్డు ఊరి కథ

ఒక దేశచరిత్ర తెలియవలెనన్న మహానగరాలనే చూడనక్కరలేదు. ఒక్కొక్కప్పుడు ఒక చిన్న ఊరే చాలు. అట్టి ఊళ్ళలో ఒకటి ఆస్ట్రేలియాలోని గండగై. సిడ్నీ, మెల్బోర్ను నగరాల నడుమ, మరంబిడ్జీ నది ఒడ్డున ఉన్నదా ఊరు. చుట్టును పచ్చిక కొండలు. నడుమ విశాలమైన పల్లపు మైదానం. ఏటి వెంట ఎత్తైన యూకలిప్టస్ చెట్లు.

ఆ నేల తరతరాలుగా విరాజురి జాతివారిది. 1829లో స్టర్ట్ అను అన్వేషకుడు ఆ నది వెంట ప్రయాణం చేసినాడు. అతని వెనుక గొర్రెల మందలతో తెల్లవారు వచ్చినారు. 1838లో నదికి, ఒక పాయకు నడుమనున్న పల్లంలోనే ఊరు కట్టినారు. బండ్లు ఏరు దాటుటకు అది అనువైన రేవు. ఇది వరద వచ్చు చోటని ఆదివాసులు హెచ్చరించినారు. కొత్తవారు వినలేదు. 1844లో వరద వచ్చినది. అయినను ఊరు కదలలేదు.

1852 జూన్ 24. అక్కడ అది చలికాలం. ఆ రాత్రి నది పొంగి ఊరిని ముంచివేసినది. జనులు అటకల మీదికి, కప్పుల మీదికి, చెట్ల మీదికి ఎక్కినారు. ఇండ్లు ఒక్కొక్కటే కొట్టుకొని పోయినవి. సుమారు 250 మంది ఉన్న ఆ ఊరిలో మూడవవంతు ప్రాణాలు నీటిపాలైనవి.

అప్పుడు యారీ అను విరాజురి మనిషి చెట్టుబెరడుతో చేసిన చిన్న దోనెను ఆ ప్రవాహంలోనికి దింపినాడు. చెట్లకు వ్రేలాడుచున్నవారిని చేరి, కొద్దికొద్దిమందిగా ఒడ్డుకు తెచ్చినాడు. జాకీ జాకీ అను మరియొకడు కూడ పడవతో అట్లే శ్రమించినాడు. వీరిద్దరును, తోడి ఆదివాసులును కలిసి అరువది మందికి పైగా కాపాడినారు. ఎవరి నేలను ఆక్రమించినారో వారి చేతనే ఆ ఊరివారు బ్రతికినారు!

1853లో మరల వరద వచ్చిన పిమ్మట ఊరు మెట్టకు కదలినది. పల్లము పచ్చికబీడుగానే మిగిలినది. దాని మీదుగా 1867 నాటికి పొడవైన వంతెన వెలసినది. యారీ 1880లో మరణించినాడు. నాడు ఆ వీరులకు మెడలో వేసుకొను లోహపు పతకాలు దక్కినవి. వారి కంచు విగ్రహాలు ఊరి నడుమ నిలిచినది 2017లో. అనగా నూట అరువదియైదు ఏండ్లకు.

ఏటి గుణము ఎరిగినవారి మాట పెడచెవిని పెట్టుట వలన ఎంత నష్టమో, ఆ పచ్చికబీడు నేటికిని చెప్పుచున్నది. కృతజ్ఞత కూడ ఎంత ఆలస్యముగా వచ్చునో ఆ విగ్రహాలు చెప్పుచున్నవి. ఈ రెండు మాటలును మనము మరువరాదు.