షోరూమ్ కారు బరిలోకి దిగిన ఏడాది

1949 మే 30న ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెం మొదలైనప్పుడు ముందు వరుసలో మొదటి రెండు చోట్లా మా నోవై ఊరి పేరు పెట్టుకున్న కార్లే ఉన్నాయి. ఒకదాన్ని డ్యూక్ నేలన్ నడుపుతున్నాడు, రెండోదాన్ని రెక్స్ మేస్. మిషిగన్‌లోని నోవైలో కార్ల విడిభాగాల వ్యాపారం చేసిన లూ వెల్ష్ సొంత డబ్బు పోసి చేయించిన బండ్లు అవి. మూడు లీటర్ల వీ8 ఇంజన్, దానికి సూపర్‌చార్జర్, శక్తి అంతా ముందు చక్రాలకే. ఆ రోజుల్లో అంత బలమైన ఇంజన్ ఇండియానాపొలిస్‌లో మరొకటి లేదు. 1946లో రాల్ఫ్ హెప్‌బర్న్ ఈ రకం కారులోనే గంటకు 134 మైళ్ళ వేగం దాటి రికార్డు పెట్టాడు. రెండేళ్ళ తర్వాత అక్కడే సాధన చేస్తుండగా నోవై కారులోనే ప్రాణం విడిచాడు. 1949 పందెంలో నేలన్ అందరికంటే ముందు పోతుండగా వెనక ఇరుసు విరిగింది. కారు గోడను గుద్దుకుని, ఇంధనం ట్రాక్‌కి అడ్డంగా పారి మంటల గోడై లేచింది. ఒళ్ళు కాలినా నేలన్ బతికి బయటపడ్డాడు. మేస్ కారు ఇంజన్ కూడా మధ్యలోనే మొరాయించింది. ఆ తర్వాత 1960ల దాకా నోవై కార్లు వస్తూనే ఉన్నా ఇండియానాపొలిస్‌లో ఒక్కసారి కూడా గెలవలేదు.

సరిగ్గా ఇరవై రోజుల తర్వాత, జూన్ 19న, నార్త్ కరోలినాలోని షార్లట్ శివార్లలో ముప్పావు మైలు మట్టి ట్రాక్ మీద మరో పందెం జరిగింది. ఇక్కడ ఎవరూ పందెం కోసం ప్రత్యేకంగా కారు చేయించలేదు. ఊళ్ళో డీలర్ దగ్గర కొన్న లింకన్, ఫోర్డ్, హడ్సన్, బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, కైజర్ కార్లు 33 వచ్చి నిలబడ్డాయి. హెడ్‌లైట్లకు టేపు అంటించి, తలుపులు ఊడిపోకుండా తాళ్ళతోనో బెల్టులతోనో కట్టి బరిలోకి దింపారు. పందేల కోసమే మేపిన గిత్తలను పక్కన పెట్టి పొలం దున్నే కాడిని బండలాగుడుకు తోలుకొచ్చినట్టు అనుకోండి. చూడటానికి వచ్చిన జనం ఎగబడిందీ అందుకే. తాను నడిపే కారు, పక్కింటాయన నడిపే కారు, ఏది గట్టిదో తేలిపోతుంది కదా!

ఇలా షోరూమ్ కార్లతో పెట్టేవే స్టాక్ కార్ పందేలు. వాటిని నడిపే నాస్కార్ సంస్థలో ఈనాటి అగ్రశ్రేణి పోటీకి లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ తొలి సీజన్ గురించి స్టాక్ కార్ అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. ఆ వాదనల్లో నిజమైన విషయం ఉందని నా నమ్మకం. మొత్తం ఎనిమిదే పందేలు జరిగినా, ఈ ఆట తర్వాత ఎదుర్కొన్న ప్రశ్నలన్నీ ఆ ఎనిమిదింటిలోనే పుట్టాయి.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1947 డిసెంబరులో నాస్కార్ స్థాపకుడు బిల్ ఫ్రాన్స్ ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో స్ట్రీమ్‌లైన్ హోటల్‌కు పందేల నిర్వాహకులను, డ్రైవర్లను పిలిచి కూర్చోబెట్టాడు. 1948 ఫిబ్రవరిలో నాస్కార్ రిజిస్టరైంది. ఆ ఏడాది నడిచినవన్నీ మార్పులు చేసిన పాత కార్లు, ఎక్కువగా యుద్ధానికి ముందునాటి ఫోర్డులు. కొత్త కార్ల పందెం పెట్టాలని ఫ్రాన్స్‌కి ఉన్నా కార్లు ఎక్కడివి? యుద్ధకాలమంతా డెట్రాయిట్ ఫ్యాక్టరీలు ట్యాంకులు, విమానాలు చేశాయి. శాంతి వచ్చాక కొత్త కారు కోసం మామూలు మనిషి నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. అలా ఎదురుచూసి తెచ్చుకున్న కారును మట్టి ట్రాక్ మీద తుక్కు చేస్తుంటే జనం ఊరుకోరని ఫ్రాన్స్ 1949 దాకా ఆగాడు.

షార్లట్‌లో 200 రౌండ్లు పూర్తయ్యేసరికి గ్లెన్ డనవే నడిపిన 1947 ఫోర్డ్ రెండో కారు కంటే మూడు రౌండ్లు ముందుంది. జనం ఇళ్ళకు వెళ్ళిపోయారు. తర్వాత తనిఖీలో ఆ కారు వెనక కమాన్ కట్టలను మార్చి బిగించినట్టు తేలింది. అది పందెం కోసం చేసిన పని కాదు. దక్షిణాది కొండల్లో నాటుసారా తరలించే కార్లకు అలా చేసేవారు. వెనక డిక్కీ నిండా సారా ఎక్కించినా కారు కుంగిపోదు, పోలీసులకు అనుమానం రాదు, మలుపుల్లో పట్టు తప్పదు. డనవేని తప్పించి, కాన్సస్ నుంచి లింకన్‌లో వచ్చిన జిమ్ రోపర్‌ని విజేతగా ప్రకటించారు. ఈ పందెం సంగతి రోపర్‌కి తెలిసింది వార్తాపత్రికలో వచ్చే ఒక బొమ్మల కథ ద్వారానని చెబుతారు. డనవే కారు యజమాని హ్యూబర్ట్ వెస్ట్‌మోర్‌లాండ్ పదివేల డాలర్లకు దావా వేశాడు. కోర్టు కొట్టేసింది. నియమాలు పెట్టే హక్కు, వాటిని అమలు చేసే హక్కు నాస్కార్‌దే అన్న మాట దాంతో ఖాయమైంది.

డనవేకి అన్యాయం జరిగిందనే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కారు అతనిది కాదు, కమాన్ కట్టల సంగతి అతనికి తెలుసో లేదో కూడా ఎవరూ చెప్పలేరు. ఆరోజు తోటి డ్రైవర్లు తమలో తాము చందా వేసుకుని అతనికి డబ్బు ఇచ్చారని కూడా చెబుతారు. అయినా నేను తనిఖీదారు పక్షమే. షోరూమ్ కారుతో షోరూమ్ కారు పోటీ అని టికెట్ అమ్మి, సారా బండిని గెలిపిస్తే ఆ పందేనికి ఇక అర్థం ఉండదు.

ఆ రోజే లీ పెటీ అనే డ్రైవరు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న బ్యూక్ రోడ్‌మాస్టర్‌ను పల్టీ కొట్టించాడు. చూడటానికి వచ్చిన వారిలో పదకొండేళ్ళ అతని కొడుకు రిచర్డ్ ఉన్నాడు. ఆ పిల్లవాడే పెరిగి 200 పందేలు, ఏడు ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు. సారా క్రిస్టియన్ అనే జార్జియా మహిళ కూడా ఆరోజు కారు నడిపింది. అదే సీజన్‌లో పిట్స్‌బర్గ్ దగ్గర హైడల్‌బర్గ్ పందెంలో ఆమెకు అయిదో స్థానం వచ్చింది. జూలైలో డేటోనాలో సగం ఇసుక, సగం తారు రోడ్డుగా ఉన్న బాట మీద ఎథెల్ మోబ్లీ తన సోదరులు బాబ్, ఫాంటీ ఫ్లాక్‌ల కంటే ముందు నిలిచింది. ఆడవాళ్ళు ఈ ఆటలోకి తర్వాతెప్పుడో వచ్చారనుకునే వాళ్ళకు ఈ సీజన్ పట్టిక చూపిస్తే చాలు.

ఛాంపియన్ అయింది రెడ్ బైరన్. యుద్ధంలో అతను బి-24 బాంబర్ సిబ్బందిలో ఉండేవాడు. 1943లో అల్యూషన్ దీవుల మీద విమానానికి దెబ్బ తగిలి ఎడమకాలు ఛిద్రమైంది, రెండేళ్ళకు పైగా ఆసుపత్రిలోనే గడిపాడు. ఆ కాలిని క్లచ్ పెడల్‌కి బిగించి కట్టుకుని కారు నడిపాడు. నోవై నుంచి అరగంటలో చేరుకునే విల్లో రన్ ఫ్యాక్టరీలో ఫోర్డ్ కంపెనీ వేల సంఖ్యలో తయారు చేసినవి ఆ బి-24 రకం విమానాలే. యుద్ధం ముగిశాక అదే ఫ్యాక్టరీలో కైజర్ కార్లు తయారయ్యాయి, వాటిలో ఒకటి షార్లట్ బరిలో దిగింది. బైరన్ గెలిచిన ఓల్డ్స్‌మొబైల్ 88 మా ఐ-96 హైవే మీదే ఉన్న లాన్సింగ్ కంపెనీది. పందేలు ఎక్కువగా జరిగింది దక్షిణాదిన, పందేనికి దిగిన సరుకంతా ఇక్కడిది.

డెట్రాయిట్ పెద్దలకు మాత్రం ఈ సంగతి పట్టలేదు. వాళ్ళ కళ్ళు తెరిపించడానికి ఫ్రాన్స్ పందేన్ని వాళ్ళ గుమ్మంలోకే తెచ్చాడు. 1951లో డెట్రాయిట్ నగరం పుట్టి 250 ఏళ్ళు నిండాయి. ఆ ఉత్సవాల్లో భాగంగా ఆగస్టు 12న మిషిగన్ స్టేట్ ఫెయిర్‌గ్రౌండ్స్ మైలు మట్టి ట్రాక్ మీద 250 మైళ్ళ పందెం పెట్టాడు. కంపెనీల అధికారులు వచ్చి కూర్చున్నారు. చివర్లో కర్టిస్ టర్నర్ ఓల్డ్స్‌మొబైల్, టామీ థాంప్సన్ క్రైస్లర్ ఒకదాన్నొకటి రాసుకుంటూ, గుద్దుకుంటూ పరిగెత్తాయి. టర్నర్ కారు దెబ్బతింది, థాంప్సన్ గెలిచాడు. తాము తయారుచేసిన బండి మట్టిలో అలా పొర్లాడటం కళ్ళారా చూసిన ఇంజనీర్లు మర్నాడు ఆఫీసులో మామూలుగా కూర్చుని ఉండరు. ఫ్యాక్టరీలకూ ఈ ఆటకూ బంధం ఆ మధ్యాహ్నమే బిగుసుకుందని చాలామంది చరిత్రకారులు రాశారు. అది సబబైన మాటే.

బంధం బిగుసుకోగానే చిక్కూ మొదలైంది. డెట్రాయిట్ హడ్సన్ కంపెనీ తన హార్నెట్ కారుకు రెండు కార్బ్యురేటర్లు, గట్టి ఇరుసులు, గట్టి హబ్బులు చేసి, కఠినమైన వాడకానికి అని చెప్పి విడిభాగాల జాబితాలో చేర్చింది. జాబితాలో ఉంది గనుక అది షోరూమ్ సరుకే, నియమానికి లోబడినదే. 1952లో జరిగిన 34 పందేల్లో 27 హడ్సన్‌వే. ఆ గెలుపులు షోరూమ్ అమ్మకాలను నిలబెట్టలేకపోయాయి. 1954లో కంపెనీ నాష్‌తో కలిసిపోయింది. షార్లట్‌లో కమాన్ కట్టలు మార్చినవాడు తప్పు చేశాడు, హడ్సన్ ఇరుసు మార్చి జాబితాలో రాసి పెద్దమనిషైంది. స్టాక్ కారు అంటే ఏది అన్న ప్రశ్నకు ఆనాటి నుంచి ఎవరి దగ్గరా నికరమైన జవాబు లేదు.

తర్వాతి పదిహేనేళ్ళు కంపెనీల రాకపోకలే. 1957లో కార్ల తయారీదారుల సంఘం పందేలకు దూరంగా ఉండాలని తీర్మానించింది. దొంగచాటుగా సాయం చేస్తూనే వచ్చారు, తర్వాత బాహాటంగానే తిరిగి వచ్చారు. 1964లో క్రైస్లర్ హెమీ ఇంజన్‌తో రిచర్డ్ పెటీ డేటోనా 500 గెలిచాడు. మరుసటి ఏడాది నాస్కార్ ఆ ఇంజన్‌ని ఆపితే క్రైస్లర్ అలిగి వెళ్ళిపోయింది. 1969లో డాడ్జ్ కంపెనీ ముక్కు సాగదీసి, తోకన సుమారు రెండడుగుల ఎత్తు రెక్క నిలబెట్టి చార్జర్ డేటోనాను తెచ్చింది. బరిలో దింపాలంటే కనీసం 500 కార్లు జనానికి అమ్మాలన్నది నియమం. అందుకని అమ్మారు. 1949లో జనం కొన్న కారు పందేనికి వెళ్ళింది. ఇరవై ఏళ్ళకు పందేనికి చేసిన కారును జనంతో కొనిపించారు.

ఆ కాలంలోనే నోవైకి గంటన్నర లోపు దూరంలో, బ్రూక్లిన్ దగ్గర ఐరిష్ హిల్స్‌లో రెండు మైళ్ళ మిషిగన్ ఇంటర్నేషనల్ స్పీడ్‌వే 1968లో తెరిచారు. 1969 జూన్‌లో అక్కడ నాస్కార్ తొలి పందెం కేల్ యార్‌బరో గెలిచాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు నోవై పేరు మళ్ళీ పందేల లోకంలో వినబడింది. మోటార్‌స్పోర్ట్స్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆఫ్ అమెరికా 1989లో తొలి బృందాన్ని సన్మానించింది, అందులో రిచర్డ్ పెటీ ఉన్నాడు. మరుసటి ఏడాది బిల్ ఫ్రాన్స్ వంతు వచ్చింది. ఆ సంస్థ మ్యూజియం ఏళ్ళ తరబడి నోవైలోనే ఉండేది. తర్వాత డెట్రాయిట్‌కు మారి, 2016లో డేటోనాకు వెళ్ళిపోయింది. ఈ ఊరు దాన్ని నిలుపుకోలేకపోయిందే అని నాకు బాధగానే ఉంటుంది.

ఇప్పుడు నోవై అంటే మనవాళ్ళకు గుర్తొచ్చేవి వేంకటేశ్వరస్వామి గుడి, 2025 జూలైలో ఇక్కడ జరిగిన తానా మహాసభలు. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో చాలామందికి అన్నం పెట్టేది కార్ల కంపెనీలు, వాటికి సరుకిచ్చే సంస్థలే. బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాసేవారు, బ్యాటరీలను పరీక్షించేవారు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల పందెం జరిగితే ఇక్కడ కూర్చుని చూసినవాళ్ళున్నారు. తమ వృత్తిని ఇంత సూటిగా పరీక్షకు పెట్టిన స్టాక్ కార్ చరిత్ర మాత్రం మనలో కొద్దిమందికే తెలుసు. అది మనది కాదనుకోవడానికి కారణమేమీ లేదు.

2022 నుంచి నాస్కార్‌లో నడిచే కారులో చాసిస్, సస్పెన్షన్, గేర్‌బాక్స్ అన్ని జట్లకూ ఒకే సరఫరాదారుల నుంచి వస్తాయి. తేడా ఇంజన్‌లోనూ పైతొడుగు రూపులోనూ మాత్రమే. 2024లోనూ 2025లోనూ మిషిగన్ స్పీడ్‌వేలో గెలిచింది టయోటా కామ్రీ పేరుతో నడిచిన కారు. మన ఇళ్ళ ముందు ఎన్నో కామ్రీలు ఉంటాయి, చాలా కుటుంబాలకు అమెరికాలో మొదటి కారు అదే. షోరూమ్‌లోకి 2025 కామ్రీ హైబ్రిడ్‌గా మాత్రమే వచ్చింది, నాలుగు సిలిండర్లు. బరిలోది వెనక చక్రాలను తిప్పే వీ8. రెండింటికీ పేరు కలిసింది, ముందుభాగం పోలిక కలిసింది. ఇది మోసమని కొందరు అభిమానులంటారు, డ్రైవరు నైపుణ్యమే తేలాలి గనుక ఇదే న్యాయమని మరికొందరు. నేను మొదటివాళ్ళ వైపే మొగ్గుతాను. డీలర్ దగ్గర కొన్న కామ్రీనే, హైబ్రిడ్ బ్యాటరీతో సహా, ఏడాదికి ఒక్క పందెంలోనైనా బరిలోకి దించితే, ఆ బ్యాటరీని పరీక్షించిన నోవై ఇంజనీరు కూడా టికెట్ కొనుక్కుని వెళ్తాడు.