వెయిట్‌లిఫ్టింగ్‌లో తరాల తులనం

వేర్వేరు కాలాల్లో పోటీపడిన లిఫ్టర్లలో ఎవరిది పైచేయి అని తేల్చే ప్రయత్నమే తరాల తులనం. భారత మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌లో ఈ చర్చ రెండు పేర్ల చుట్టూ తిరుగుతుంది. ఒకరు శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ అయ్యారు. రెండోవారు మణిపూర్‌లోని నోంగ్‌పోక్ కాక్‌చింగ్‌కు చెందిన సాయిఖోమ్ మీరాబాయి చాను. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో రజతం సాధించారు.

రజతం కాంస్యం కన్నా పైది కాబట్టి మీరాబాయే గొప్ప అనడం తేలిక. మల్లీశ్వరి 240 కిలోలు, మీరాబాయి 202 కిలోలు ఎత్తారు కాబట్టి మల్లీశ్వరే గొప్ప అనడమూ అంతే తేలిక. రెండూ తప్పుడు కొలతలే.

కిలోల లెక్క

సిడ్నీలో మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో దిగారు. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తారు. టోక్యోలో మీరాబాయిది 49 కిలోల విభాగం. స్నాచ్‌లో 87, క్లీన్ అండ్ జెర్క్‌లో 115. ఎత్తిన బరువును విభాగపు పరిమితితో భాగిస్తే మీరాబాయి తన బరువుకు నాలుగు రెట్లు దాటారు, మల్లీశ్వరి మూడున్నర రెట్ల దగ్గర ఆగారు. అయితే ఒళ్లు పెరిగినంత నిష్పత్తిలో బలం పెరగదు. ఈ భాగహారం ఎప్పుడూ తేలికైన లిఫ్టర్ వైపే మొగ్గుతుంది.

ఆ మొగ్గును సరిదిద్దడానికి కెనడాకు చెందిన రాయ్ సింక్లెయిర్ ఒక సూత్రం రూపొందించారు. లిఫ్టర్ అదే నైపుణ్యంతో అత్యంత భారీ విభాగంలో ఉండి ఉంటే ఎంత ఎత్తేవారో అది అంచనా వేస్తుంది. శరీర బరువుగా విభాగపు పరిమితినే తీసుకుని, 2017–20 కాలపు గుణకాలతో లెక్కిస్తే మల్లీశ్వరికి సుమారు 298, మీరాబాయికి సుమారు 315 వస్తాయి. ఈ తేడాను కొట్టిపారేయలేం. కానీ సూత్రంలోని గుణకాలను ప్రతి ఒలింపిక్ చక్రానికీ అప్పటి రికార్డుల ఆధారంగా సవరిస్తారు. అంటే 2000 నాటి శ్రమను ఇక్కడ 2020 నాటి తాసుతో తూస్తున్నాం. ఇరవై ఏళ్లలో శిక్షణ, పోషణ, గాయాల వైద్యం సాధించిన ప్రగతి అంతా మీరాబాయి అంకెలో కలిసిపోయి ఉంది. భుజం, నడుము ఇబ్బందులు సరిచేసుకోవడానికి ఆమె అమెరికాలోని సెయింట్ లూయిస్ దాకా వెళ్లి నిపుణుల దగ్గర శిక్షణ పొందగలిగారు. మల్లీశ్వరి ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులు పట్టేనాటికి మహిళల వెయిట్‌లిఫ్టింగే కొత్త. మహిళల తొలి ప్రపంచ పోటీలు 1987లో అమెరికాలోని డేటోనా బీచ్‌లో జరిగాయి. ఒలింపిక్స్‌లోకి మహిళలను రానిచ్చింది సిడ్నీలోనే.

మారిన నిబంధనలు

సిడ్నీలో స్వర్ణం గెలిచిన చైనా లిఫ్టర్ లిన్ వైనింగ్, రజతం గెలిచిన హంగరీ లిఫ్టర్ ఎర్జెబెట్ మార్కుస్ ఇద్దరూ 242.5 కిలోలే ఎత్తారు. లిన్ శరీర బరువు తక్కువ కావడంతో స్వర్ణం ఆమెకు దక్కింది. మల్లీశ్వరి వారికి 2.5 కిలోల దూరంలో ఉన్నారు. చివరి ప్రయత్నంలో 137.5 కోరి ఎత్తలేకపోయారు. ఎత్తి ఉంటే స్వర్ణమే.

ఆ రోజుల్లో బరువు 2.5 కిలోల మెట్లలోనే పెరిగేది. ఒక్కో కిలో పెంచుకునే వెసులుబాటు 2005లో వచ్చింది. ఇప్పుడైతే 133 అడగవచ్చు, మొత్తం 243 అవుతుంది. కానీ ఆ వెసులుబాటు లిన్‌కీ మార్కుస్‌కీ కూడా ఉండేది, వారి ప్రయత్నాలూ మరోలా ఉండేవి. కాబట్టి ఈ ఊహను ఇంతకన్నా సాగదీయకూడదు. మొత్తాలు సమానమైతే శరీర బరువు చూసే పద్ధతి కూడా తర్వాత పోయింది. ఇప్పుడు ఆ మొత్తాన్ని ముందుగా అందుకున్నవారిది పైస్థానం.

విభాగాలు కూడా 1993, 1998, 2018, 2025ల్లో మారాయి. మారిన ప్రతిసారీ రికార్డుల పుస్తకం ఖాళీ అవుతుంది. భారత జట్టుకు శిక్షణ ఇచ్చిన, మల్లీశ్వరి ప్రతిభను గుర్తించిన లియోనిద్ తారానెంకోకే ఇది అనుభవం. 1988లో కాన్‌బెర్రాలో ఆయన క్లీన్ అండ్ జెర్క్‌లో 266 కిలోలు ఎత్తారు. 1993 మార్పుతో అది అధికారిక జాబితా నుంచి జారిపోయింది. అంతకు మించిన బరువును మరొకరు ఎత్తడానికి మాత్రం 2021 దాకా పట్టింది. జార్జియాకు చెందిన లాషా తలఖాద్జే 267 ఎత్తారు. పుస్తకంలో పేరు లేకపోయినంత మాత్రాన లిఫ్టర్ చిన్నవాడు కాడని చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ దొరకదు.

ఎదుట నిలిచినవారు

అంకెల కన్నా నమ్మదగిన కొలత సమకాలికుల మధ్య స్థానం. 54 కిలోల విభాగంలో మల్లీశ్వరి 1993లో ప్రపంచ కాంస్యం, 1994లో ఇస్తాంబుల్‌లో స్వర్ణం, 1995లో గ్వాంగ్‌జౌలో స్వర్ణం, 1996లో మళ్లీ కాంస్యం గెలిచారు. హిరోషిమా, బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో రజతాలు. ఆమె కన్నా ముందు తరానికి చెందిన మణిపూర్ దిగ్గజం కుంజరాణి దేవి ప్రపంచ పోటీల్లో ఏడు రజతాలు గెలిచినా స్వర్ణం అందలేదు. మల్లీశ్వరి తర్వాత మరో భారతీయురాలు ప్రపంచ స్వర్ణం ఎత్తడానికి 22 ఏళ్లు పట్టింది. అది 2017లో అనహైమ్‌లో 194 కిలోలతో మీరాబాయి గెలిచినదే.

ఒలింపిక్స్‌లో దూరం చూస్తే మల్లీశ్వరి స్వర్ణానికి 2.5 కిలోల దగ్గర ఆగారు. టోక్యోలో చైనా లిఫ్టర్ హౌ జిహుయ్ 210 ఎత్తగా మీరాబాయి 8 కిలోలు వెనకబడ్డారు. పైగా టోక్యోకు ఉత్తర కొరియా రాలేదు. ఒక్కో విభాగంలో దేశానికి ఒక్కరే పోటీపడాలన్న నియమం వల్ల చైనా రెండో లిఫ్టర్ బరిలో లేరు.

మీరాబాయి పక్షాన చెప్పవలసినది కూడా చాలా ఉంది. 2016 రియోలో క్లీన్ అండ్ జెర్క్ మూడు ప్రయత్నాలూ విఫలమై మొత్తమే నమోదు కాని లిఫ్టర్ ఆమె. అక్కడి నుంచి లేచి ప్రపంచ విజేత అయ్యారు. 2021 ఏప్రిల్‌లో తాష్కెంట్‌లో క్లీన్ అండ్ జెర్క్‌లో 119 ఎత్తి అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. 2022లో ప్రపంచ రజతం, 2024 పారిస్‌లో నాలుగో స్థానం, 2025లో నార్వేలోని ఫోర్డేలో 199 కిలోలతో మళ్లీ ప్రపంచ రజతం. ఇంత దీర్ఘకాలం పైస్థాయిలో నిలబడటంలో ఆమె మల్లీశ్వరిని దాటారు. శిఖరం ఎత్తు విషయంలో మాత్రం వరుసగా రెండు ప్రపంచ కిరీటాలు, ఆపైన 54 నుంచి 69కి మారి కూడా ఒలింపిక్ స్వర్ణానికి ఒక్క లిఫ్ట్ దూరానికి చేరడం వల్ల మల్లీశ్వరికే ఈ వ్యాసం మొగ్గు చూపుతుంది.

కొలత లేని కాలం, కొలత మారే కాలం

ఉత్తరాంధ్రకు ఇంకా పాత బలశాలి ఉన్నారు. వీరఘట్టంలో పుట్టి 1942లో మరణించిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ పొంగించి ఇనుప గొలుసులు తెంచేవారు, రొమ్ము మీద ఏనుగును నిలిపేవారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆ ప్రదర్శనలకు తూకంరాళ్లు, న్యాయనిర్ణేతలు లేరు కాబట్టి ఆయన్ను నేటి లిఫ్టర్ల వరుసలో పెట్టడం ఎవరికీ న్యాయం కాదు. బాస్కెట్‌బాల్‌లోనూ ఇలాంటి ఖాళీయే ఉంది. విల్ట్ చాంబర్లేన్ 1962లో ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు చేసిన నాటికి ఎన్‌బీఏ బ్లాకులను లెక్కించేదే కాదు, మూడు పాయింట్ల గీత 1979 దాకా లేదు. తర్వాతి తరం ఆటగాడు స్టెఫెన్ కర్రీ ఆట ఆ గీత మీదే నిలిచింది కాబట్టి ఇద్దరినీ ఒకే తాసుతో తూయలేం.

ఫలితాలు కూడా స్థిరం కావు. విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచారు. స్వర్ణం గెలిచిన నైజీరియా లిఫ్టర్ డోపింగ్‌లో దొరకడంతో ఆమె కాంస్యం రజతమైంది. సిడ్నీలో మహిళల తొలి స్వర్ణం కూడా ఇదే కారణంతో బల్గేరియా లిఫ్టర్ చేజారి అమెరికాకు చెందిన టారా నాట్‌కు చేరింది.