రోల్స్ రాయిస్ – బెంట్లీ విభజన

రోల్స్ రాయిస్ – బెంట్లీ విభజన అనునది బ్రిటన్‌కు చెందిన రెండు ప్రసిద్ధ కార్ల పేర్లు 1998లో రెండు జర్మన్ సంస్థల మధ్య పంచబడిన వ్యవహారం. 1931 నుండి ఒకే యాజమాన్యం క్రింద ఉన్న ఈ రెండింటిలో బెంట్లీ ఫోక్స్‌వాగన్‌కు, రోల్స్ రాయిస్ బి.ఎం.డబ్ల్యు.కు చెందినవి. ఒక కంపెనీని కర్మాగారంతో సహా కొన్నంత మాత్రాన దాని పేరు కూడా కొన్నట్లు కాదని ఈ వ్యవహారం వలన లోకానికి తెలిసింది. వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థులకు ట్రేడ్‌మార్కు విలువ ఎట్టిదో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

పూర్వ చరిత్ర

చార్లెస్ రోల్స్, హెన్రీ రాయిస్ అను ఇద్దరు 1904లో మాంచెస్టర్ నగరంలో కలుసుకొన్నారు. వారి పేర్లతో 1906లో రోల్స్ రాయిస్ కంపెనీ ఏర్పడినది. సిల్వర్ ఘోస్ట్ కారుతో దీని కీర్తి దేశదేశాలకు వ్యాపించింది. భారతదేశంలోని సంస్థానాధీశులు ఈ కార్లను విరివిగా కొన్నారు. హైదరాబాదు నిజాము కొరకు తయారైన పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్ వాటిలో పేరెన్నికగన్నది.

బెంట్లీ కంపెనీని డబ్ల్యు.ఓ. బెంట్లీ 1919లో స్థాపించాడు. ఫ్రాన్సులో జరిగే లీ మాన్స్ 24 గంటల పందెంలో 1924 నుండి 1930 లోపు ఈ కార్లు ఐదుసార్లు గెలిచినవి. అయినను ఆర్థిక మాంద్యం దెబ్బకు కంపెనీ నిలువలేక, 1931లో రోల్స్ రాయిస్ వశమైనది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత రెండు కార్లూ క్రూ పట్టణంలోని కర్మాగారంలోనే తయారయ్యేవి. అంతకు పూర్వం ఆ కర్మాగారంలో మెర్లిన్ విమాన ఇంజన్లు తయారయ్యేవి. క్రమంగా బెంట్లీ అనగా ముందుభాగపు జాలీ మార్చిన రోల్స్ రాయిస్ కారే అన్నంతగా రెండింటికీ తేడా తగ్గిపోయింది.

చిక్కుకు మూలం

1998 నాటి చిక్కుకు బీజం 1971లోనే పడింది. లాక్‌హీడ్ ట్రైస్టార్ విమానాల కొరకు చేపట్టిన ఆర్.బి.211 ఇంజను ఖర్చు అంచనాలను మించిపోవడంతో రోల్స్ రాయిస్ 1971 ఫిబ్రవరి 4న దివాలా తీసింది. దేశరక్షణకు అవసరమైన విమాన ఇంజన్ల శాఖను ప్రభుత్వం జాతీయం చేసింది. కార్ల శాఖ వేరుపడి 1973లో రోల్స్ రాయిస్ మోటార్స్ అయినది. 1980లో దానిని వికర్స్ అను బ్రిటిష్ సంస్థ కొన్నది.

ఇక్కడ పాఠకులు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటి కలదు. రోల్స్ రాయిస్ అను పేరు మీద, జంట 'ఆర్' అక్షరాల గుర్తు మీద హక్కు విమాన ఇంజన్ల కంపెనీకే మిగిలింది. కార్ల కంపెనీ ఆ పేరును అనుమతి పొంది వాడుకొనేది మాత్రమే. రెండూ బ్రిటిష్ కంపెనీలే అయినంత కాలం ఈ ఏర్పాటు ఎవరికీ ఇబ్బంది కలిగించలేదు.

1998 పోటీ

1997లో వికర్స్ తన కార్ల వ్యాపారాన్ని అమ్మకానికి పెట్టింది. బి.ఎం.డబ్ల్యు.కే అది దక్కుతుందని అందరూ అనుకొన్నారు. అందుకు కారణం లేకపోలేదు. కొత్తగా రానున్న సిల్వర్ సెరాఫ్, బెంట్లీ ఆర్నాజ్ కార్లకు ఇంజన్లు ఇచ్చేది ఆ సంస్థే. విమాన ఇంజన్ల రోల్స్ రాయిస్‌తో 1990 నుండి దానికి భాగస్వామ్యం కూడా ఉండేది. బి.ఎం.డబ్ల్యు. 34 కోట్ల పౌండ్లు ఇవ్వజూపగా, ఫోక్స్‌వాగన్ 43 కోట్లకు పాడింది. 1998 జూన్‌లో వికర్స్ వాటాదారులు సహజంగానే ఎక్కువ పాటకు మొగ్గు చూపినారు.

దీనితో క్రూ కర్మాగారం, కార్ల నమూనాలు, బెంట్లీ పేరు, రోల్స్ రాయిస్ జాలీ ఆకృతి, ముందుభాగాన నిలిచే 'స్పిరిట్ ఆఫ్ ఎక్స్టసీ' ప్రతిమ ఫోక్స్‌వాగన్‌కు దక్కినవి. కాని పేరు దక్కలేదు. విమాన ఇంజన్ల కంపెనీ ఆ పేరును 4 కోట్ల పౌండ్లకు బి.ఎం.డబ్ల్యు.కు ఇచ్చింది. ఇల్లు ఒకరికి, ఇంటిపేరు మరొకరికి అన్నట్లు అయినది వ్యవహారం! పైగా ఇంజన్ల సరఫరా ఆపివేయగల అవకాశం బి.ఎం.డబ్ల్యు. చేతిలో ఉన్నది.

చివరకు ఫోక్స్‌వాగన్ అధిపతి ఫెర్డినాండ్ పియెచ్, బి.ఎం.డబ్ల్యు. అధిపతి బెర్న్‌డ్ పిషెట్స్‌రీడర్ 1998 జూలైలో రాజీకి వచ్చినారు. 2002 చివరి వరకు ఫోక్స్‌వాగన్ రెండు కార్లనూ తయారుచేయవచ్చును. 2003 జనవరి 1 నుండి రోల్స్ రాయిస్ బి.ఎం.డబ్ల్యు.కు చెందును. తమకు మొదటినుండి కావలసినది బెంట్లీయేనని ఫోక్స్‌వాగన్ తరువాత చెప్పుకొన్నది. అందని ద్రాక్ష పుల్లన అన్న సామెత గుర్తుకు వచ్చినా, తరువాతి అమ్మకాలను బట్టి చూస్తే ఆ మాటను తేలికగా కొట్టివేయలేము. విచిత్రమేమనగా, 1999లో బి.ఎం.డబ్ల్యు.ను విడిచిన పిషెట్స్‌రీడర్ 2002లో ఫోక్స్‌వాగన్‌కే అధిపతి అయినాడు.

విభజన తరువాత

దశాబ్దాలుగా రోల్స్ రాయిస్ కార్లు తయారుచేసిన క్రూ కార్మికులకు ఆ పేరు దూరమైనది గాని కర్మాగారం మూతపడలేదు. 2003లో వచ్చిన కాంటినెంటల్ జి.టి. బెంట్లీకి కొత్త జీవం పోసింది. అదే సంవత్సరం లీ మాన్స్ పందెం కూడా బెంట్లీ గెలిచింది. 1959 నాటి బ్రిటిష్ వి8 ఇంజను వంశాన్ని జర్మన్ యాజమాన్యమే ఆర్నాజ్ కారులో తిరిగి ప్రవేశపెట్టడం, అది 2020 వరకు తయారుకావడం విశేషం. 2022లో బెంట్లీ 15,174 కార్లు అమ్మింది.

బి.ఎం.డబ్ల్యు. మాత్రం పేరు తప్ప ఏమీ లేని స్థితి నుండి మొదలుపెట్టవలసి వచ్చింది. ససెక్స్ ప్రాంతంలోని గుడ్‌వుడ్‌లో కొత్త కర్మాగారం కట్టి, 2003లో ఫాంటమ్ కారును విడుదల చేసింది. హెన్రీ రాయిస్ తన చివరి సంవత్సరాలు గడిపిన వెస్ట్ విట్టరింగ్ గ్రామం దానికి దగ్గరలోనే ఉన్నది. 2023లో ఇక్కడి నుండి 6,032 కార్లు అమ్ముడైనవి.

కావున కంపెనీగా చూస్తే పాత రోల్స్ రాయిస్ మోటార్స్‌కు వారసురాలు నేటి బెంట్లీయే. క్రూలో తయారైన పాత రోల్స్ రాయిస్ కార్లకు విడిభాగాలు సమకూర్చేది కూడా బెంట్లీయే. విమాన ఇంజన్లు తయారుచేసే రోల్స్ రాయిస్ ఈ రెండింటికీ చెందని వేరొక సంస్థ.

ఇటువంటిదే మరొకటి

రోవర్ కథ కూడా ఇట్టిదే. బి.ఎం.డబ్ల్యు. 2000లో రోవర్‌ను వదులుకొన్నపుడు మినీని తన వద్దనే ఉంచుకొని, ల్యాండ్ రోవర్‌ను ఫోర్డ్‌కు అమ్మింది. మిగిలిన ఎం.జి. రోవర్ 2005లో కూలిపోగా, ఎం.జి. పేరు చైనాకు చేరింది. 2019 నుండి మన దేశంలో అమ్ముడవుతున్న ఎం.జి. కార్లు ఆ వరుసలోనివే. రోవర్ పేరును 2006లో ఫోర్డ్ కొనడం వలన, రోవర్ నమూనాల హక్కులు కొన్న చైనా సంస్థ తన కార్లకు రోవీ అను కొత్త పేరు పెట్టుకోవలసి వచ్చింది. ఫోర్డ్ 2008లో జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లతో పాటు రోవర్ పేరును కూడా టాటా మోటార్స్‌కు అమ్మింది. కేవలం రోవర్ అను పేరుతో టాటా ఇంతవరకు కారు ఏదీ విడుదల చేయలేదు.